పరిగెత్తిన శవయాత్ర

ఊళ్ళో అందరూ అతన్ని గడియారం అనేవాళ్ళు. అతని చేతికి గడియారం ఉండేది కాదు, ఇంటి గోడకు ఒకటి కొని తగిలించే స్తోమతా లేదు. ఆ పేరు పడింది అతని కుడిచేతికి. బొమ్మల హాల్లో ఆపరేటరు అతను, ఊళ్ళో మాటలో బొమ్మ నడిపేవాడు. అప్పటికింకా సినిమాకు మాట రాలేదు, యంత్రానికి మోటారూ రాలేదు. మనిషి పిడి పట్టుకుని తిప్పితేనే తెర మీద మనుషులు కదిలేవాళ్ళు. ఆట మొదట్లో అతని చెయ్యి ఏ జోరున తిరిగేదో, ఆట చివర్లోనూ అదే జోరున తిరిగేది. మధ్యలో దోమ కుట్టినా, తుమ్ము వచ్చినా, కింద హాల్లో జనం బెంచీలు విరగ్గొట్టుకున్నా ఆ చెయ్యి తొందరపడేది కాదు, నీరసపడేది కాదు. ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి కుడి జబ్బ ఎడమ జబ్బ కంటే లావెక్కింది. వాళ్ళక్క అతనికి చొక్కా కుట్టినప్పుడల్లా కుడి చెయ్యి కాస్త వదులుగా కత్తిరించి, "నాకు ఇద్దరు తమ్ముళ్ళు, ఒకే చొక్కాలో సర్దుకుంటారు" అనేది.

ఆ అక్కే అతన్ని పెంచింది. తల్లి పోయేనాటికి అతనికి మాటలు సరిగ్గా రాలేదు, అక్కకు తల దువ్వుకోవడం సరిగ్గా రాదు. చేత్తో తిప్పే కుట్టు మిషను ఒకటి ముందేసుకుని రెండు కడుపులు నింపింది. తమ్ముడు ఒక పనిలో కుదురుకునేదాకా పెళ్ళి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు. చివరికి చేసుకున్నది నూలు మిల్లులో బాయిలరుకు బొగ్గు వేసే మనిషిని.

ఆ బావంత నెమ్మదస్తుడు ఇంకొకడు పుట్టి ఉండడు. నిదానమే ప్రధానమని అందరూ అంటారు గానీ, నమ్మి ఆచరించినవాడు ఆయనొక్కడే. వాన పడితే వీధిలో జనమంతా తలల మీద సంచులు పెట్టుకుని పరుగులు తీస్తుంటే ఆయన నడి వీధిలో తాపీగా నడుచుకుంటూ వచ్చేవాడు. ఏమిటయ్యా అంటే, "పరిగెత్తితే ముందున్న వాన కూడా మన మీదే పడుతుంది" అనేవాడు. అక్క తిట్టేది. తిడుతూనే పొడి తువ్వాలు అందించేది.

ఒకసారి బావ హాలుకు వచ్చి, మెట్లెక్కి కేబినులో కూర్చున్నాడు. చుట్టూ రేకులు కొట్టిన ఇరుకు గది. ఒక మూల ఇసుక బకెట్టు, కొక్కేనికి తడి కంబళి, తెరకేసి రెండు చిన్న కంతలు. బావమరిది యంత్రం తలుపు తీసి చూపించాడు. ఫిల్ము అంటే రెండంచులకూ చిల్లులున్న పొడుగాటి పట్టీ. పళ్ళ చక్రాలు ఆ చిల్లుల్లో పళ్ళు దూర్చి దాన్ని కిందికి లాగుతాయి. కానీ ఊరికే లాగుతూ పోతే తెర మీద అంతా అలుక్కుపోతుంది. అందుకని దీపం ముందుకు వచ్చిన ప్రతి బొమ్మా ఒక్క లిప్త ఆగాలి. ఆగినప్పుడు వెలుగు పడాలి, కదిలేటప్పుడు రేకు అడ్డం తిరగాలి. ఆ ఆపే పని చేసేది నాలుగు గాడులున్న చిన్న ఉక్కు బిళ్ళ. ఆపరేటర్లు దాన్ని క్రాసు అంటారు. పక్కన తిరిగే చక్రానికున్న మేకు వచ్చి, ఒక గాడిలో దూరి, క్రాసును పావు చుట్టు తిప్పి వదిలేసి పోతుంది. ఆ మేకు మళ్ళీ తిరిగొచ్చేదాకా క్రాసు కదలదు, ఫిల్మూ కదలదు. గుమ్మం దగ్గర నిలబడి జనాన్ని ఒక్కొక్కరినే లోపలికి వదిలే కాపలావాడి పని లాంటిదే అది. పైనా కిందా ఫిల్మును కాస్త వదులుగా వంపు తిప్పి ఉంచుతారు. లూపు అంటారు దాన్ని. ఆ వదులు లేకపోతే ఆ కుదుపులకు పట్టీ పుటుక్కున తెగుతుంది.

బావ చాలాసేపు ఆ టక్కుటక్కు వింటూ కూర్చున్నాడు.

"అంటే జనం చూస్తున్నవన్నీ ఆగిన బొమ్మలేనన్నమాట" అన్నాడు.

"అంతే బావా. కదిలేది మనకు కనపడదు. ఆగిందే కనపడుతుంది."

"ఈ మాట మీ అక్కతో చెప్పవోయ్. పొద్దున లేస్తే తొందర, తొందర అని నా ప్రాణం తీస్తుంది. సరే, మరీ ఎక్కువసేపు ఆగితే?"

"దీపం వేడికి భగ్గుమంటుంది. ఇది అగ్గిపుల్ల కంటే అన్యాయం."

"బాయిలరుకూ ఇదే జబ్బు" అన్నాడు బావ. "కనిపెట్టుకుని ఉండేవాడు ఉన్నంతసేపే."

బావ మాత్రం కనిపెట్టుకునే ఉన్నాడు. ఆవిరి కొలిచే ముల్లు ఉన్నచోటి నుంచి కదలడం లేదని, బాగుచేయించమని మిల్లు మేనేజరుకు చెప్పి చెప్పి ఆయన నోరు నొప్పెట్టింది. మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఒకరోజు పట్టపగలు బాయిలరు పేలింది. బావతో కలిపి నలుగురు పోయారు. సాయంత్రానికల్లా మేనేజరు మిల్లు గేటు ముందు నిలబడి, బొగ్గు వేసేవాడు నిద్రపోయాడని, అందుకే ఇంత పనైందని ప్రకటించాడు. చచ్చినవాడు లేచి వచ్చి కాదనలేడు గదా. పైగా, ఆ నిద్రపోతు శవపెట్టె వెనక ఎవరు నడిచినా రేపటి నుంచి మిల్లులో వాళ్ళకు పనుండదని కబురు పంపాడు. ముల్లు బాగుచేయించడానికి దొరకని తీరిక ఈ కబురు పంపడానికి మాత్రం దొరికింది ఆ పెద్దమనిషికి.

శవయాత్ర రోజున గడియారం సెలవు అడిగాడు. అడిగింది హాలు యజమానిని. ఆయన్ని జనం ఇంకో ఆటాయన అనేవాళ్ళు. బెంచీ మీద మనిషిని చూస్తే ఆయనకు మనిషి కనపడడు, ఆ పక్కన ఖాళీ కనపడుతుంది. పిడి కాస్త జోరుగా తిప్పితే రోజుకు ఇంకో ఆట పడుతుందని ఎప్పుడూ పోరేవాడు. "నా చెయ్యి ఇంతే తిరుగుతుందండీ" అని గడియారం ఎప్పుడూ ఒకే జవాబు చెప్పేవాడు.

"మధ్యాహ్నం ఆట ఎవరు తిప్పుతారోయ్?" అన్నాడు ఇంకో ఆటాయన. "అయినా నువ్వు బాధపడకు. యాత్రనంతా ఫిల్ము తీయించడానికి కెమెరా అతన్ని పిలిపించాను. తెర మీద చూసుకుందువు గాని."

ఇలా చావుకు సెలవివ్వకుండా సినిమా చూపిస్తానన్న మహానుభావుడాయన. గడియారం పళ్ళు కొరుక్కుంటూ ఆ మధ్యాహ్నం హాల్లో పిడి తిప్పాడు. బయట వీధిలో బావను మోసుకెళ్ళారు.

కొన్నాళ్ళకు కెమెరా అతను ఫిల్ము పట్టుకొచ్చాడు. మన వీధులను, మన మనుషులను తెర మీద చూసుకోండని హాలు ముందు బోర్డు పెట్టారు. హాలు కిటకిటలాడింది. మిల్లు వాళ్ళు మాత్రం భయపడి రాలేదు. అక్క వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. అసలు సినిమాకు ముందు ఆ చిన్న రీలు ఎక్కించి, గడియారం పిడి పట్టుకున్నాడు. ఎన్నడూ తప్పని చెయ్యి ఆరోజూ తప్పలేదు. అదే జోరు, అదే వరస.

కాసేపటికి కింద ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత హాలు హాలంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. గడియారం కంతలోంచి తొంగిచూశాడు. తెర మీద నాలుగు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పరిగెడుతున్నాయి. మోసేవాళ్ళు పొయ్యి మీద కాలు పెట్టినవాళ్ళలా గంతులేస్తున్నారు. ముసలివాళ్ళు టపటపా తలలు ఊపుతున్నారు. ఆఖరి పెట్టె బావది. పక్కనే అక్క పెట్టె అంచు మీద చెయ్యేసి, మొండికేసిన దూడను తోలుతున్నట్టు దాన్ని తడుతూ ఉరుకుతోంది. తెర దగ్గర పియానో వాయించే ముసలావిడకు చూపు ఆనదు. జనం పరిగెడుతున్నట్టు తోచేసరికి అలవాటుగా గుర్రాల పరుగుకు వాయించే పాట ఎత్తుకుంది. ఎవడో అరిచాడు, "నిద్రపోతు లేచాడర్రా, పరిగెత్తుతున్నాడు" అని. దానికి ఇంకా నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు గానీ, పిల్లి నయం. అది ఆకలికి ఆడుతుంది.

గడియారం చెయ్యి ఆపలేదు. ఆపితే ఫిల్ము అంటుకుంటుంది, కింద హాలు నిండా జనం. జోరు తగ్గిద్దామన్న ఆలోచన అప్పుడు తట్టనే లేదు. చేతికి అలవాటుంది గానీ బుద్ధి ఎక్కడిది?

రీలు అయ్యాక అక్క కేబిను మెట్ల దగ్గర కనిపించింది. ఏడవడం లేదు. మొహం ఇస్త్రీ చేసినట్టు ఉంది.

"మీ బావను పరిగెత్తించావురా" అంది.

"నేను ఎప్పటిలాగే తిప్పానక్కా."

"బతికున్నన్నాళ్ళు ఆ మనిషిని ఎవరూ పరిగెత్తించలేకపోయారు. పోయాక నువ్వు పరిగెత్తించావు." మెట్టు మీద కూర్చుని మళ్ళీ అంది. "ఆరోజు నా కళ్ళకు ఏమీ కనపడలేదురా. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. గొయ్యి దగ్గర చూస్తే మోసినవాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఆ మేనేజరు మాట నిజమని మిల్లు వాళ్ళంతా నమ్మారా? ఆయన వెనక ఒక్కడైనా నడిచాడా? అది చూద్దామని వచ్చాను."

అసలు సినిమా కూడా తిప్పేసి అతను కేబిను దిగాడు. తిన్నగా కెమెరా అతను దిగిన లాడ్జికి వెళ్ళాడు. ఆయన పెట్టె సర్దుకుంటున్నాడు.

"మా వాళ్ళెందుకు పరిగెత్తారు?"

కెమెరా అతను నొచ్చుకోలేదు సరికదా, ఆశ్చర్యపోయాడు. "మామూలు జోరున తిప్పావా ఏమిటి? నీకు చెప్పలేదా వాళ్ళు? ఫిల్ము ఆదా చెయ్యమన్నాడు మీ యజమాని. నా పిడి నెమ్మదిగా తిప్పి తీశాను. నువ్వూ అంత నెమ్మదిగానే తిప్పాలి."

గడియారానికి అప్పుడు వెలిగింది. తీసేటప్పుడు పిడి నెమ్మదిగా తిప్పితే తక్కువ బొమ్మలు పడతాయి. ఆ తక్కువ బొమ్మల్ని మామూలు జోరున తిప్పితే నడిచేవాడు పరిగెడతాడు. ఇది ఆపరేటరైన ప్రతివాడికీ తెలిసిన సంగతే. రీలు ఎక్కించే ముందు ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు, ఎందుకంటే నా చెయ్యి గడియారం గదా అనే ధీమా. ఇన్నాళ్ళూ ఏ చేతిని చూసుకుని మురిసిపోయాడో, దాన్ని తీసి గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"శవయాత్రలో కూడా ఆదా ఏమిటయ్యా?" అన్నాడు.

"నన్నంటావేం? చెప్పింది చేసేవాణ్ణి" అని కెమెరా అతను పెట్టెకు తాళం వేసుకున్నాడు.

ఇంకో ఆటాయన దగ్గరికి పోతే అక్కడ సంబరంగా ఉంది. ఆయన అప్పటికే కొత్త బోర్డు రాయిస్తున్నాడు. చచ్చినవాళ్ళ పరుగు పందెం, కడుపుబ్బ నవ్వండి అని. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. వాడు నిప్పే అడిగాడు. ఈయన ఆ మంట చూపించి జనం దగ్గర టికెట్లు తెంపుతున్నాడు.

"అది శవయాత్రండీ" అన్నాడు గడియారం.

"కాదన్నానా? రేపట్నుంచి ఇంకాస్త జోరుగా తిప్పు. ఇంకా నవ్వుతారు, ఆట కూడా తొందరగా ముగుస్తుంది."

"నేను తిప్పను."

"గేటు దగ్గర టికెట్లు చింపేవాడు తిప్పుతాడు. వాడికీ చేతులున్నాయి" అన్నాడు ఇంకో ఆటాయన తాపీగా.

అదీ నిజమే. తను మానేస్తే ఇంకొకడు తిప్పుతాడు, బావ ఇంకా వేగంగా పరిగెడతాడు. అరికాలి మంట నెత్తికెక్కి, గడియారం అక్క ఇంటికి వచ్చాడు. ఆమె కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది గానీ కుట్టడం లేదు.

"రేపు ఆటలో ఒక్క క్షణం చెయ్యి ఆపేస్తానక్కా. చాలు. పట్టీ అంటుకుంటుంది. నిప్పు ఇవతలికి రాకుండా నేను చూసుకుంటాను. పీడా పోతుంది."

"కాల్చడానికి నువ్వెవరివిరా?" అంది అక్క. "నేనింకా చూడనే లేదు."

అతను తెల్లబోయాడు.

"ఏం పని చేస్తాడని అడిగితే నిన్ను ఊళ్ళో ఏమంటారు? బొమ్మ నడిపేవాడంటారు. పరిగెత్తించేవాడు అని ఎవరైనా అంటారా? మాటలోనే ఉంది గదా, నడపడం అని. నడిపించు. నాకు ఒక్కసారి మీ బావను నడిపించి చూపించు."

అన్నది చిన్న మాటే. కానీ ఏళ్ళ తరబడి బొమ్మ నడుపుతున్నానని చెప్పుకుంటూ ఆ మాటలో నడక ఉందని అతనికి ఏనాడూ తోచలేదు.

అయితే పిడి నెమ్మదిగా తిప్పడం చెప్పినంత తేలిక కాదు. ప్రతి బొమ్మా దీపం ముందు ఇంకాస్తసేపు నిలబడుతుంది, వేడెక్కుతుంది. తెర మీద వెలుగు అదురుతుంది, జనానికి కళ్ళు నొప్పెడతాయి. అన్నిటికంటే కష్టం, ఎంత నెమ్మదిగా? కెమెరా అతను ఏ జోరున తిప్పాడో ఆ చేతికే తెలియాలి, అది ఊరు దాటిపోయింది.

"నేనెలా నడిచానో నాకు గుర్తుంది" అంది అక్క. "కళ్ళకు తెలీదు గానీ కాళ్ళకు తెలుసు."

మిషను సూదికి దారం తీసేసి, అతన్ని పిడి దగ్గర కూర్చోబెట్టింది. తను గోడ నుంచి గోడకు నడవడం మొదలుపెట్టింది, కుడిచెయ్యి పక్కకు చాచి, అక్కడ పెట్టె ఉన్నట్టు. మొదట అతని చెయ్యి మాట వినలేదు. పాత జోరుకు పోయేది. "పరిగెడుతున్నావు" అనేది అక్క, ఆగకుండా నడుస్తూనే. మళ్ళీ మొదటికి. ఆమె కుడికాలు పడినప్పుడు పిడి ఎక్కడుండాలో, ఎడమకాలు లేచినప్పుడు ఎక్కడుండాలో అతను కళ్ళు మూసుకుని పట్టుకునేవాడు. గడియారంలా తిరగడం నేర్చిన చేతికి ఒక ఆడమనిషి దుఃఖంతో నడిచిన నడక నేర్పడం మాటలా? జబ్బ లాగేసింది. ఎప్పుడో ఆమె "పరిగెడుతున్నావు" అనడం మానేసింది. అప్పటికీ నడుస్తూనే ఉంది. తమ్ముడు తలెత్తి చూస్తే ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. అతను పిడి ఆపలేదు.

మర్నాడు, తనే తిప్పుతానని యజమానికి చెప్పి, ఆటకు ముందే అతను దీపానికీ ఫిల్ముకూ మధ్య నీళ్ళు నింపిన గాజు బుడ్డి నిలబెట్టాడు, దాని ముందు సన్నటి రాగి జల్లెడ తగిలించాడు. వెలుగు కాస్త తగ్గినా వేడి తగ్గుతుంది. కంబళి తడిపి దగ్గర పెట్టుకున్నాడు. అక్క మిగిలిన ముగ్గురి పెళ్ళాలను, కుట్టుపనికి వచ్చే ఇళ్ళలోని ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. తమ వాళ్ళను చూసుకోవడానికి టికెట్టు కొనుక్కుని మరీ వచ్చారు. వాళ్ళ ముందు బెంచీల నిండా బోర్డు చూసి నవ్వడానికి వచ్చిన జనం.

అతను పిడి తిప్పాడు. తెర మీద మిల్లు గేటు అదురుతూ వెలిగింది. మొదటి పెట్టె బయటికి వచ్చింది. నడిచి వచ్చింది.

నవ్వడానికి నోళ్ళు తెరిచిపెట్టుకున్నవాళ్ళకు కాసేపు అర్థం కాలేదు. అలవాటుగా ఒకరిద్దరు నవ్వి చూశారు. తోడు దొరకలేదు. పియానో ముసలావిడ రెండు మెట్లు నొక్కి, తెరకేసి కళ్ళు చికిలించి చూసి, మూత వేసేసింది.

"జోరుగా తిప్పవయ్యా" అని ముందు బెంచీలోంచి ఒకడు అరిచాడు.

వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. "ఎవరు బాబూ పరిగెత్తమంటున్నది? ఒకసారి లేచి నిలబడు. వాళ్ళ పెళ్ళాలం ఇక్కడే ఉన్నాం, నీ మొహం చూస్తాం."

ఎవరూ లేవలేదు.

కేబిను మెట్ల మీద దబదబా అడుగులు. ఇంకో ఆటాయన తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమిటీ నత్తనడక? ఆట ఎప్పటికి అవుతుంది?" అంటూ పిడి మీదికి చెయ్యి చాచాడు.

"పట్టుకుంటే ఆగుతుంది" అన్నాడు గడియారం, తల తిప్పకుండా. "ఆగితే అంటుకుంటుంది. తలుపుకు అడ్డంగా మీరే ఉన్నారు."

చాచిన చెయ్యి అలాగే నిలిచిపోయింది. తర్వాత మెల్లగా కిందికి దిగింది. వేలు తగిలినా భగ్గుమనే చోట ఎంత యజమానైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆయన ఇంకేం చెయ్యలేక రెండో కంతలోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఆఖరి పెట్టె వచ్చింది. అక్క దాన్ని తోలడం లేదు. చెక్క మీద అరచెయ్యి ఆనించి, జ్వరంతో ఉన్నవాడి నుదురు నిమిరినట్టు నిమురుతోంది. బావ తన జీవితమంతా నడిచినట్టే, ఎవరికీ దారివ్వకుండా, తాపీగా వెళుతున్నాడు. ఆ పెట్టె దాటిపోయాక వీధి ఖాళీగా కనిపించాలి. ఖాళీగా లేదు. మిల్లు గేటులోంచి మనుషులు వస్తున్నారు. నూలు దుమ్ము పట్టిన బట్టలతో, తలలు వంచుకుని, పనిలోంచి లేచినవాళ్ళు లేచినట్టే. మొదటి మూడు పెట్టెల వెనకా నడవకుండా ఆగి, పని పోతుందని తెలిసి కూడా, అందరూ ఆఖరి పెట్టె వెనకే నడిచారు. నిన్నటి జోరులో వాళ్ళు ఒట్టి నల్లటి మసక. ఇప్పుడు ఒక్కొక్క మొహం విడిగా వచ్చి, ఆగి, వెళుతోంది. శ్మశానం గేటు దగ్గర పేర్లు రాసుకోవడానికి కాచుకున్న మేనేజరు మనుషులను దూరం నుంచే చూసి, పిల్లలు గుర్తొచ్చి వెనక్కి తిరిగారేమో గానీ, అక్కడిదాకా నడిచారు. ఎవరూ ఆ నిద్ర మాట నమ్మలేదు.

వెనక బెంచీల్లో అక్క లేచి నిలబడింది. రీలు ఆఖరి అంచు యంత్రంలోంచి జారిపోయి, తెర తెల్లబడేదాకా అలాగే నిలబడింది. గడియారం దీపం మూసి, పిడి వదిలేసి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. అది ఇంకా ఆమె నడకలోనే ఊగుతోంది.

ఇంకో ఆటాయన కంత దగ్గర నుంచి తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

"భలే తిప్పావోయ్" అన్నాడు. "ఏడుపుకు ఇంత గిరాకీ ఉందనుకోలేదు. బోర్డు మార్పిస్తాను. ఇంకో సంగతి, మొహాలన్నీ అద్దంలో ఉన్నట్టు ఉన్నాయి. మిల్లు మేనేజరుకు చూపిస్తే ఎగిరి గంతేసి కొనుక్కుంటాడు. ఎవరెవరు నడిచారో తేలక తల పట్టుకుని ఉన్నాడు పాపం."

ఆ పాపం అన్న మాటకు గడియారానికి ఒళ్ళు మండిపోయింది. నవ్వినవాళ్ళను క్షమించవచ్చు, వాళ్ళకు తెలియదు. ఈయన చూశాడు. చివరిదాకా చూశాడు. చూసి, ఇది కనిపెట్టాడు. గడియారం రీలు విప్పి, రేకు డబ్బాలో పెట్టి మూత బిగించాడు. అప్పటికే అక్కా మిగిలిన ముగ్గురూ మెట్లెక్కి తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన అన్నదంతా విన్నారు. అతను డబ్బా అక్క చేతికిచ్చాడు.

"ఏయ్, అది నా సొత్తు" అన్నాడు ఇంకో ఆటాయన. "నీ పని ఊడినట్టే."

"నిండా మునిగినవాడికి చలేమిటండీ" అన్నాడు గడియారం.

"పోలీసుల్ని పిలుస్తాను. దొంగతనం కింద రాయిస్తాను అందరి మీదా."

అక్క డబ్బాను చంకలో పెట్టుకుంది. ఆమె గొంతు పెరగలేదు.

"రాయించండి" అంది. "ఏం పోయిందని అడుగుతారు గదా. నాలుగు శవాలు పోయాయని చెప్పండి. ఎవరు ఎత్తుకెళ్ళారంటే, వాళ్ళ పెళ్ళాలే వచ్చి తీసుకెళ్ళారని రాయించండి."

నలుగురు ఆడవాళ్ళూ మెట్లు దిగారు, వాళ్ళ వెనకే గడియారం కూడా దిగాడు.